పెన్‌డ్రైవ్‌లో పనిముట్లు పెట్టుకోండి, తాళాలు కాదు

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పిన్ని కొడుకు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అన్నయ్యా, ఇందులో నా మినీ ప్రాజెక్ట్ ఉంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి. సెలవులు అవగానే సబ్మిషన్. కొంచెం చూడవా" అన్నాడు. వాడు బీటెక్ సెకండియర్. సొంత లాప్‌టాప్ లేదు. పగలు కాలేజీ ల్యాబ్, సాయంత్రం బస్టాండ్ పక్కన నెట్ సెంటర్, ఆదివారం ఫ్రెండ్ వాళ్ల రూమ్. ఈ మూడు చోట్లా ఆ ఒక్క పెన్‌డ్రైవే వాడి కంప్యూటర్.

ప్రాజెక్ట్ ఫైళ్లు పది నిమిషాల్లో దొరికాయి. అది పాత షార్ట్‌కట్ వైరస్సే. అసలు ఫోల్డర్లను హిడెన్ చేసి, అదే పేరుతో షార్ట్‌కట్లు పెట్టే రకం. కానీ ఆ డ్రైవ్‌లో ఇంకా ఏమేం ఉన్నాయో చూశాక నాకు వైరస్ కంటే అవే ఎక్కువ భయం పుట్టించాయి. టెలిగ్రామ్ ఛానెల్ నుంచి దించిన "పోర్టబుల్ ఫోటోషాప్" ఒకటి. మెయిల్, ఇన్‌స్టాగ్రామ్, కాలేజీ పోర్టల్, స్కాలర్‌షిప్ సైటు పాస్‌వర్డ్‌లన్నీ సేవ్ అయి ఉన్న ఫైర్‌ఫాక్స్ పోర్టబుల్ ఇంకొకటి. "ఇది ఎప్పుడైనా పోయిందా రా" అని అడిగితే, "పోలేదన్నయ్యా, జిరాక్స్ షాపులో ఒక రాత్రి మర్చిపోయా, పొద్దున్నే ఇచ్చేశారు" అన్నాడు చాలా మామూలుగా.

ఈ మాట మా ఫ్రెండ్స్‌తో చెబితే అందరిదీ ఒకటే సమాధానం. "ఈ రోజుల్లో కూడా పెన్‌డ్రైవ్ ఏంటి? అంతా క్లౌడే కదా. గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోమను." వినడానికి బాగానే ఉంది. కానీ సొంత మెషీన్ ఉన్నవాళ్లు చెప్పే సలహా ఇది. నెట్ సెంటర్‌లో కూర్చున్నవాడు క్లౌడ్ తెరవాలంటే ముందు ఏం చేయాలి? తన గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరిదో తెలియని కంప్యూటర్‌లో కొట్టాలి. ఆ ఒక్క పాస్‌వర్డ్‌తో మెయిల్, ఫోటోలు, డ్రైవ్, ఫోన్ బ్యాకప్ అన్నీ తెరుచుకుంటాయి. ఒక రికార్డ్ బుక్ ఫైల్ ఎడిట్ చేయడానికి ఇంటి తాళాల గుత్తి మొత్తం కౌంటర్ మీద పెట్టినట్టే. అదే పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ లిబ్రేఆఫీస్, ఆ ఫైల్ ఉంటే ఏ లాగిన్ అక్కర్లేదు. గుచ్చు, తెరువు, పని చెయ్, తీసెయ్.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. సొంత కంప్యూటర్ లేనివాళ్లకు పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ పాతబడిపోలేదు. చాలా పనులకు క్లౌడ్ కంటే అదే మంచిది. కాకపోతే ఒక షరతు. అందులో పనిముట్లు మాత్రమే ఉండాలి. పాస్‌వర్డ్‌లు, లాగిన్‌లు, ఆధార్ స్కాన్లు ఉండకూడదు. అవి చేరిన క్షణం నుంచి అది మీకు పనికొచ్చే వస్తువు కాదు, దొరికినవాడికి పనికొచ్చే వస్తువు.

అసలు పోర్టబుల్ అంటే ఏంటో కొంచెం క్లియర్‌గా మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా ఈఎక్స్ఈ మీద డబుల్ క్లిక్ చేస్తే నడిచేదంతా పోర్టబుల్ కాదు. అది సగమే. మిగతా సగం ఏంటంటే, దాని సెట్టింగులు, హిస్టరీ, ప్లగిన్‌లు కూడా దాని ఫోల్డర్‌లోనే ఉండాలి. మామూలు ప్రోగ్రామ్ తన సామాను విండోస్ రిజిస్ట్రీలోనో, యూజర్ ప్రొఫైల్ ఫోల్డర్‌లోనో పెట్టుకుంటుంది. ఆ కంప్యూటర్ వదిలి వచ్చేస్తే ఆ సామాను అక్కడే ఉండిపోతుంది.

ఈ ఆలోచనను జనంలోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది జాన్ టి. హాలర్. 2004లో ఆయన ఫైర్‌ఫాక్స్‌ను పోర్టబుల్‌గా మార్చి విడుదల చేశాడు. అదే తర్వాత పోర్టబుల్‌యాప్స్ డాట్ కామ్ అయింది. ఇప్పటికీ నడుస్తోంది, ఇప్పటికీ ఉచితమే. దాని పద్ధతి చాలా సింపుల్. ప్రతి యాప్ ఫోల్డర్‌లో ప్రోగ్రామ్ ఒక సబ్‌ఫోల్డర్‌లో, మీ డేటా ఇంకో సబ్‌ఫోల్డర్‌లో ఉంటాయి. అదే కాలంలో శాన్‌డిస్క్, ఎం-సిస్టమ్స్ కలిసి యూ3 అని ఒక పెన్‌డ్రైవ్ టెక్నాలజీ తెచ్చాయి. గుచ్చగానే కంప్యూటర్‌కు సీడీ డ్రైవ్‌లా కనిపించి తనే ఒక మెనూ తెరిచేది. హడావుడి ఎక్కువ. 2009కల్లా ఆ కథ ముగిసింది. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ 8తో ఏకంగా విండోస్ మొత్తాన్నే యూఎస్‌బీలో పెట్టే విండోస్ టు గో తెచ్చి, 2020లో విండోస్ 10 నుంచి తీసేసింది. పెద్ద కంపెనీలు పెట్టిన పథకాలు పోయాయి, ఒక సాదా ఫోల్డర్ పద్ధతి మాత్రం మిగిలింది. నాకు ఇందులో పెద్ద ఆశ్చర్యమేమీ లేదు. ఫోల్డర్‌ను కాపీ చేయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా.

ఇప్పుడు కోడింగ్ చేసేవాళ్ల సంగతి. విఎస్ కోడ్ జిప్ వెర్షన్ దించి విప్పండి. ఆ ఫోల్డర్‌లో డేటా అనే పేరుతో, ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో, ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టండి. అంతే, అది పోర్టబుల్ అయిపోతుంది. మీ థీమ్, ఎక్స్‌టెన్షన్‌లు, సెట్టింగులు అన్నీ అందులోకే వెళ్తాయి. అప్‌డేట్ మాత్రం తనంతట తాను అవదు, కొత్త జిప్ తెచ్చి పాత డేటా ఫోల్డర్ అందులోకి మార్చాలి. సీ ప్రోగ్రామింగ్‌కు డబ్ల్యూ64డెవ్‌కిట్ అని ఒకటి ఉంది. విప్పితే జీసీసీ కంపైలర్, డీబగ్గర్, మేక్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో వచ్చేస్తాయి. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. మన కాలేజీల్లో ఇంకా ఆ టర్బో సీ నీలం తెర చూపించి సీ నేర్పించే ల్యాబ్‌లు ఉన్నాయి. ఎగ్జామ్‌కి అదే రాయాలి, సరే. కానీ బయట ప్రపంచం వాడే కంపైలర్ మీ జేబులో ఉండకూడదని రూల్ ఏం లేదు.

పైథాన్ విషయంలో మాత్రం ఒక చిక్కుంది. మీరు చేసుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తన పాత్‌ను పూర్తిగా రాసిపెట్టుకుంటుంది. ఈరోజు మీ పెన్‌డ్రైవ్ ఈ డ్రైవ్‌గా వచ్చింది, రేపు ఇంకో సిస్టమ్‌లో జీ డ్రైవ్‌గా వస్తుంది. అప్పుడు అది పనిచేయదు. మా తమ్ముడు దీంతో ఒక సాయంత్రం మొత్తం తల పట్టుకున్నాడట. విన్‌పైథాన్ లాంటి పోర్టబుల్ ప్యాకేజీ వాడి, లైబ్రరీలు నేరుగా అందులోనే ఇన్‌స్టాల్ చేసుకుంటే ఈ గొడవ ఉండదు.

మిగతావి అందరికీ తెలిసినవే కాబట్టి గబగబా చెప్పేస్తా. 7-జిప్, వీఎల్‌సీ, సుమత్రా పీడీఎఫ్, నోట్‌ప్యాడ్++, గింప్, ఆడాసిటీ. వీటిలో ఏదీ నన్ను నిరాశపరచలేదు. సుమత్రా అయితే ఎంత పాత సిస్టమ్‌లోనైనా టక్కున తెరుచుకుంటుంది.

ఇక బ్రౌజర్ దగ్గరికొద్దాం. అసలు గొడవంతా ఇక్కడే. క్రోమ్ తన పాస్‌వర్డ్‌లను విండోస్ యూజర్ అకౌంట్‌కు ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అందుకే పోర్టబుల్ క్రోమ్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు కనపడవు. చాలామంది దీన్ని బగ్ అనుకుని తిట్టుకుంటారు. నిజానికి అది మిమ్మల్ని కాపాడుతోంది. ఫైర్‌ఫాక్స్ అలా కాదు. పాస్‌వర్డ్‌లు, వాటి తాళం రెండూ ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. మీరు ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టకపోతే, ఆ ఫోల్డర్ ఎవరి చేతికొస్తే వాళ్లు ఫైర్‌ఫాక్స్ తెరిచి సెట్టింగుల్లోకి వెళ్లి అన్నీ చదువుకోవచ్చు. హ్యాకింగ్ తెలియక్కర్లేదు. జిరాక్స్ షాపులో ఒక రాత్రి ఉన్న పెన్‌డ్రైవ్ గురించి నేను ఎందుకు అంత కంగారు పడ్డానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ షాపువాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ ఆ సిస్టమ్ దగ్గర ఆ రాత్రి ఎవరెవరు కూర్చున్నారో ఎవరికి తెలుసు?

"మరి కీపాస్ వాడొచ్చు కదా, అది ఎన్‌క్రిప్టెడ్" అని మీలో కొందరు అంటారు. నిజమే, డ్రైవ్ పోతే కీపాస్ ఫైల్ ఎవరూ తెరవలేరు, మాస్టర్ పాస్‌వర్డ్ గట్టిదైతే. కానీ ఆ మాస్టర్ పాస్‌వర్డ్ మీరు ఎక్కడ కొడుతున్నారు? నెట్ సెంటర్ కీబోర్డ్ మీద. అక్కడ కీలాగర్ ఉంటే ఒక్క పాస్‌వర్డ్ కాదు, మొత్తం పెట్టే పోతుంది. వెరాక్రిప్ట్ సంగతి ఇంకోటి. దాని డ్రైవర్ ఎక్కాలంటే అడ్మిన్ హక్కులు కావాలి, ల్యాబ్‌లో అవి మీకు ఇవ్వరు. పోర్టబుల్ యాప్ ఎంత మంచిదైనా అది నడిచేది ఎదుటివాడి కంప్యూటర్‌లోనే. ఆ కంప్యూటర్ చెడ్డదైతే మీ పెన్‌డ్రైవ్ ఏమీ చేయలేదు. పాస్‌వర్డ్‌లు ఫోన్‌లో ఉంచుకోండి. బయట సిస్టమ్‌లో తప్పనిసరిగా లాగిన్ అవ్వాల్సి వస్తే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లో ఉండాలి, పని అవగానే ఫోన్ నుంచి ఆ సెషన్‌ను తీసేయాలి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ టైంలో నెట్ సెంటర్లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టేవాళ్లకు మరీ చెప్తున్నా. పక్కనున్న ఆపరేటర్‌కి పాస్‌వర్డ్ చెప్పి "మీరే పెట్టేయండి అన్నా" అనకండి.

ఇంకో అపోహ. "పోర్టబుల్ వాడితే ఆ కంప్యూటర్‌లో ఏ గుర్తూ మిగలదు" అంటారు. మిగులుతుంది. ఏ యూఎస్‌బీ డ్రైవ్ గుచ్చారో విండోస్ రిజిస్ట్రీలో రాసుకుంటుంది. ఏ ఈఎక్స్ఈ నడిచిందో ప్రీఫెచ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఈమధ్య తెరిచిన ఫైళ్ల పేర్లు కూడా మిగులుతాయి. కాబట్టి పోర్టబుల్ అంటే వెంట తీసుకెళ్లగలిగేది అని అర్థం, కనపడకుండా పోయేది అని కాదు.

ఇప్పుడు ఆ "పోర్టబుల్ ఫోటోషాప్" విషయం. దీని గురించి నేను మెత్తగా మాట్లాడలేను. అడోబీ సంస్థ ఫోటోషాప్‌కు పోర్టబుల్ వెర్షన్ ఇవ్వదు. అంటే ఆ పేరుతో మీకు దొరికేది ఎవరో విప్పి, లైసెన్స్ చెకింగ్ తీసేసి, మళ్లీ కట్టిన ప్యాకెట్. ఆ కట్టినవాడు లోపల ఇంకేం పెట్టాడో మీకు తెలియదు. పైగా "యాంటీవైరస్ ఆఫ్ చేసి రన్ చేయండి" అని వాడే చెప్తాడు, మనం బుద్ధిగా ఆఫ్ చేస్తాం! మన కంప్యూటర్ అయితే మన ఖర్మ. కానీ దాన్ని కాలేజీ ల్యాబ్‌లో, నెట్ సెంటర్‌లో, ఫ్రెండ్ లాప్‌టాప్‌లో నడుపుతున్నాం. అక్కడ తర్వాత కూర్చునేవాడు మనకు ఏం అన్యాయం చేశాడు? ఏ యాప్ అయినా సరే, దాన్ని తయారుచేసినవాళ్ల సైటు నుంచో, పోర్టబుల్‌యాప్స్ నుంచో తప్ప దించకండి. దించాక ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ ఉందేమో చూడండి. అన్నింటికీ ఉండదు, కానీ ఉన్నవాటిలో పేరు సరిపోయిందా లేదా తెలుస్తుంది.

వైరస్ సంగతికి వస్తే, ఒకప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చితేనే చాలు అంటుకునేది. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ వ్యాపించిన దారుల్లో ఆటోరన్ ఒకటి. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ ఆపేసింది, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్ ఇచ్చింది. అయినా షార్ట్‌కట్ వైరస్ ఇంకా బతికే ఉంది. ఎందుకంటే దానికి ఆటోరన్ అక్కర్లేదు, మన క్లిక్ చాలు. ఫోల్డర్ అనుకుని షార్ట్‌కట్ నొక్కుతాం. అది వైరస్‌ను నడిపి, ఏమీ జరగనట్టు అసలు ఫోల్డర్‌ను కూడా తెరిచి చూపిస్తుంది. అందుకే వారాల తరబడి మనకు తెలియదు. మీ డ్రైవ్‌లో ఫోల్డర్ల మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తే క్లిక్ చేయడం ఆపండి. శుభ్రమైన సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అట్రిబ్ కమాండ్‌తో హిడెన్, సిస్టమ్ గుర్తులు తీసేస్తే ఫైళ్లు బయటికొస్తాయి. డాక్యుమెంట్లు, కోడ్ ఫైళ్లు స్కాన్ చేసి తీసుకోండి. యాప్‌లను మాత్రం కాపాడాలని చూడకండి. సాలిటీ లాంటి వైరస్‌లు ఈఎక్స్ఈ ఫైళ్ల లోపలికే దూరతాయి. డ్రైవ్ ఫార్మాట్ చేసి యాప్‌లు మళ్లీ కొత్తగా దించుకోవడమే మంచిది. పోర్టబుల్ యాప్‌ల సుఖం కూడా అదే, మళ్లీ పెట్టుకోవడానికి అరగంట చాలు.

ప్రింట్ కోసం మాత్రం వేరే పెన్‌డ్రైవ్ పెట్టుకోండి. మీ దగ్గర పాత 4 జీబీదో 8 జీబీదో పడి ఉంటుంది, అది చాలు. అందులో పీడీఎఫ్ తప్ప ఏమీ ఉండకూడదు. జిరాక్స్ షాపు సిస్టమ్‌కు రోజూ వందమంది పెన్‌డ్రైవ్‌లు తగులుతాయి, ఆ మురికి మీ పని డ్రైవ్‌కు ఎందుకు? పైగా తెలుగులో రిపోర్ట్ చేసినవాళ్లకు ఇంకో లాభం. మీరు రామభద్రలోనో మండలిలోనో టైప్ చేసి ఆ డాక్యుమెంట్ ఫైల్‌నే తీసుకెళ్తే, ఆ షాపులో ఆ ఫాంట్ ఉండదు. వాళ్ల దగ్గర పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటాయి, అది యూనికోడ్ కాదు. మీ హెడ్డింగులన్నీ గౌతమిలోకి మారి పేజీలు జారిపోతాయి. పీడీఎఫ్ చేస్తే ఫాంట్ అందులోనే వెళ్తుంది.

ఎలాంటి డ్రైవ్ కొనాలి అని ఎలాగూ అడుగుతారు. బాక్స్ మీద రాసిన స్పీడ్ పెద్ద సినిమా ఫైల్ కాపీ చేసేటప్పటి స్పీడ్. పోర్టబుల్ యాప్ నడిచేటప్పుడు వేల చిన్నచిన్న ఫైళ్లు చదవాలి, రాయాలి. చవక పెన్‌డ్రైవ్‌లు అక్కడే చతికిలపడతాయి. లిబ్రేఆఫీస్ తెరవడానికి టీ తాగి రావచ్చు. యూఎస్‌బీ 3 డ్రైవ్ తీసుకుని, క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో 4కే ర్యాండమ్ అంకెలు చూడండి. అన్నింటికంటే మంచి ఐడియా, ఎవరి పాత లాప్‌టాప్‌లోంచో తీసిన ఎస్ఎస్‌డీని ఒక ఎన్‌క్లోజర్‌లో పెట్టుకోవడం. జేబులో కొంచెం లావుగా ఉంటుంది కానీ పెన్‌డ్రైవ్‌కు దానికి పోలికే లేదు. ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా కనిపించే "2 టీబీ పెన్‌డ్రైవ్" జోలికి వెళ్లకండి. లోపల ఉండేది ఏ 16 జీబీనో, 32 జీబీనో. అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ నడపండి, డ్రైవ్ నిండా రాసి మళ్లీ చదివి నిజం చెప్పేస్తుంది. ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్ పెట్టండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. తీసేముందు యాప్ మూసి, ఎజెక్ట్ చేసి తీయండి. విఎస్ కోడ్ నడుస్తుండగా పీకేసి, తర్వాత "ప్రొఫైల్ కరప్ట్ అయింది" అంటే ఎవరేం చేయలేరు.

ల్యాబ్‌లో యూఎస్‌బీ నుంచి ఈఎక్స్ఈలు నడవకుండా బ్లాక్ చేసి ఉంటే? దాన్ని దాటే ట్రిక్కులు యూట్యూబ్‌లో బోలెడు. నేను చెప్పను. పైన చెప్పిన వైరస్ కథలన్నీ చదివాక ల్యాబ్ ఇన్‌ఛార్జ్ ఎందుకలా చేశారో మీకే తెలుస్తుంది. అడగండి. "సార్, నాకు లాప్‌టాప్ లేదు, విఎస్ కోడ్, జీసీసీ ఈ ల్యాబ్‌లో పెట్టగలరా" అని ఒక పదిమంది కలిసి అడిగితే చాలాసార్లు పెడతారు. పెట్టకపోతే అప్పుడు నాకూ కోపం వస్తుంది, ఎందుకంటే అవి రెండూ ఉచితమే.

మా తమ్ముడి డ్రైవ్ ఫార్మాట్ చేసి అన్నీ కొత్తగా పెట్టిచ్చాను. ప్రాజెక్ట్ ఫోల్డర్‌కు ఒక కాపీ మా పిన్ని ఫోన్‌లో, ఓటీజీ కేబుల్‌తో. ఫైర్‌ఫాక్స్ పెట్టాను కానీ అందులో పాస్‌వర్డ్ సేవింగ్ ఆఫ్, మూసేయగానే కుకీలు పోయేలా. ఆ సాయంత్రమంతా ఇద్దరం కూర్చుని ఒక్కొక్క అకౌంట్ పాస్‌వర్డ్ మార్చాం. పదిహేడు వచ్చాయి. అందులో సగం వాడికే గుర్తులేనివి. ఫోటోషాప్ పోయినందుకు మాత్రం మొహం మాడ్చుకున్నాడు. గింప్ చూపిస్తే నచ్చలేదు. ఇప్పుడు నెట్ ఉన్నచోట బ్రౌజర్‌లో ఫోటోపీ వాడుతున్నాడట. లాగిన్ అడగదు, పీఎస్‌డీ ఫైళ్లు కూడా తెరుస్తుంది. కాలేజీ ఫెస్ట్ పోస్టర్ దాంట్లోనే చేసి నిన్న పంపాడు. ఫాంట్ సైజులు కొంచెం ఎక్కువయ్యాయి.